కరాటే శిక్షణ: పోరాటమా? పాఠమా?

మన కళాశాలలో సాయంకాలం వేళ కరాటే తరగతి నడపడానికి అనుమతి ఇవ్వవలెనా, వద్దా అనే విషయం ఈ విద్యాసంవత్సరంలో అధ్యాపకుల విశ్రాంతి గదిలోను, తల్లిదండ్రుల సమావేశంలోను పలుమార్లు చర్చకు వచ్చింది. కొట్లాట నేర్పే విద్యకు విద్యాలయంలో చోటేమిటని కొందరు పెద్దలు అన్నారు. ఆడపిల్లలకు ఆత్మరక్షణ అవసరం గనుక మూడు నెలల్లో ముగిసేటట్లు ఏర్పాటు చేయండని మరికొందరు కోరారు. వంగి వందనం చేసే ఆచారం మన పిల్లలకు తగునా అని ఒక తండ్రి సందేహం వెలిబుచ్చారు. సర్టిఫికెట్టు ఇస్తారా, అది క్రీడల కోటాలో పనికివస్తుందా అని ఇంకొకరు అడిగారు. అందరూ తలకొక సంగతి మాట్లాడారు గాని, అసలు ఆ తరగతిలో జరిగేదేమిటని అడిగినవారు మాత్రం కనబడలేదు.

తెలుగు పాఠం చెప్పుకొనేవానికి కరాటే ఊసెందుకని విద్యార్థులు నవ్వుకోవచ్చు. ఎం.ఏ. చదివే రోజుల్లోను, ఆ తరువాత ఉద్యోగంలో కుదురుకొనే దాకాను ఈ విద్యను పాత పద్ధతిలో అభ్యసించినవాణ్ణి గనుక నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను. నల్ల బెల్టు సంపాదించిన వీరుణ్ణి కానని ముందే మనవి చేస్తున్నాను.

కరాటే అనగానే మనవారికి ముందుగా గుర్తుకువచ్చేది బ్రూస్‌లీ. 1973లో విడుదలైన ‘ఎంటర్ ది డ్రాగన్’ చూసి మన పట్టణాల్లో గోడలను గుద్దిన యువకులకు లెక్కలేదు. అయితే బ్రూస్‌లీ నేర్చినది చీనా దేశపు విద్య, కరాటే కాదు. కరాటే పుట్టిల్లు ఒకినావా. ఇప్పుడది జపానులో భాగమే అయినా, పూర్వం ర్యూక్యూ అనే ప్రత్యేక రాజ్యం. 1609లో దక్షిణ జపానుకు చెందిన సత్సుమా ప్రభువులు ఆ రాజ్యాన్ని లోబరచుకొన్నారు. 1879లో జపాను ప్రభుత్వం దానిని పూర్తిగా తనలో కలుపుకొన్నది. ఆయుధాలు లాక్కోగా నిరాయుధులైన రైతులు రాత్రివేళల్లో రహస్యంగా ఈ విద్యను పెంపొందించి, వట్టి చేతులతో కత్తులను ఎదిరించారన్న కథ ఒకటి ప్రతి కరాటే తరగతిలోను వినబడుతుంది. కథ రసవత్తరంగానే ఉన్నది. కాని పేరు తెలిసిన పాత గురువులను చూస్తే వారిలో రైతులకంటె ఉద్యోగి కుటుంబాలవారే ఎక్కువ. ఇతోసు అంకో అనే మహనీయుడు ర్యూక్యూ రాజు కొలువులో లేఖకుడు. ఆయన శిష్యుడు ఫునకోషి గిచిన్ (1868-1957) వృత్తిరీత్యా బడిపంతులు.

ఈ ‘బడిపంతులు’ అన్న మాట దగ్గర పాఠకులను కాసేపు ఆగమని కోరుతున్నాను. నా వాదానికంతటికీ మూలం ఇక్కడే ఉన్నది. మనం నేడు సాంప్రదాయికమని పిలిచే కరాటే తరగతి, అంటే వరుసలు తీరి నిలబడడం, గురువు అంకెలు లెక్కించగా అందరూ ఒక్కసారిగా కదలడం, తేలిక నుంచి కఠినానికి మెట్లు మెట్లుగా పాఠ్యక్రమం, ఇదేదీ వేల ఏళ్లనాటిది కాదు. అంతకుముందు ఈ విద్య ఒక గురువు, ఒకరిద్దరు శిష్యులు, ఒక పెరడు, ఇంతే. సుమారు 1901 ప్రాంతంలో ఇతోసు దీనిని ఒకినావా పాఠశాలల్లో ప్రవేశపెట్టినప్పుడు ఒకేసారి ఇంతమంది పిల్లలకు నేర్పవలసిన అవసరం కలిగింది. అందుకోసం ఆయన ‘పినాన్’ అనే అయిదు పాఠాలను కూర్చాడు. 1908లో విద్యాధికారులకు పది అంశాల లేఖ రాసి, ఈ విద్యను పాఠశాలల్లో ఎందుకు నేర్పవలెనో విన్నవించాడు. అందులో సైన్యానికి దృఢకాయులైన యువకులు లభిస్తారన్న మాట కూడా ఉన్నదనేది దాచవలసిన విషయం కాదు. ఆనాటి జపాను వాతావరణం అటువంటిది. కరాటే తరగతిలో నేటికీ కనిపించే కవాతు వాసనకు కారణం అదే. ఏది ఏమైనా, ఈ తరగతి బడిలో పుట్టింది. బడిపంతుళ్ల చేతుల్లో పెరిగింది. విద్యాలయంలో దీనికి చోటేమిటని అడగడం పుట్టింటికి వచ్చిన పిల్లను ఎవరమ్మా నీవని అడిగినట్లున్నది.

ఫునకోషి జీవితంలో ఒక ఘట్టం మన విద్యార్థులు తెలుసుకోదగినది. యువకుడిగా ఆయన వైద్యవిద్యకు ప్రవేశ పరీక్ష ఉత్తీర్ణుడయ్యాడు. కాని తల మీద పాతకాలపు జుట్టుముడి ఉన్నవారికి ప్రవేశం లేదన్న నిబంధన అడ్డువచ్చింది. ముడి కోయడానికి కుటుంబం ససేమిరా అన్నది, వైద్యవిద్య ఆగిపోయింది. తరువాత ఇరవై ఏళ్ల ప్రాయంలో ఉపాధ్యాయ వృత్తిలో చేరవలసివచ్చినప్పుడు ఆయన ఆ ముడిని కోయించుకొన్నాడు. ఇంట్లో పెద్ద దుమారమే రేగింది. ఆచారానికీ అవకాశానికీ మధ్య నలిగిన ఇటువంటి మనిషే 1922లో తోక్యో నగరానికి వెళ్లి తన ద్వీపపు విద్యను ప్రదర్శించాడు. ‘చీనా చేయి’ అని అర్థమిచ్చే పాత లిపిని మార్చి ‘వట్టి చేయి’ అనే అర్థం వచ్చే లిపిని ప్రచారంలోకి తెచ్చాడు. ఉచ్చారణ మాత్రం అదే ‘కరాటే’. మారుమూల ద్వీపంనుంచి రాజధానికి వచ్చినవాడు తన విద్యను అక్కడివారికి అంగీకారయోగ్యం చేయడానికి ఎంత తంటాలు పడవలెనో ఈ ఒక్క మార్పులోనే కనబడుతుంది.

ఇక తరగతి సంగతి. పాదరక్షలు బయట విడిచి విద్యార్థులు తెల్లని దుస్తులతో బెల్టుల వరుసక్రమంలో నిలబడతారు. మోకాళ్లపై కూర్చొని కొన్ని క్షణాలు కళ్లు మూసుకొంటారు. గురువుకు, పరస్పరం వందనం చేసుకొంటారు. ఆ తరువాత నేర్పేవి మూడు: మూల కదలికలు, కటా అనే కదలికల కూర్పు, జతగా చేసే సాధన. వినడానికి ఇంతే. మొదటి నెల మాత్రం కొత్త విద్యార్థి నిలబడడం తప్ప మరేమీ నేర్చుకోడు. ముందు కాలు మోకాలు వంచి, వెనుక కాలు నిటారుగా చాపి, వెనుక మడమ నేలకు ఆనించి, నడుము ముందుకు తిప్పి, భుజాలు సడలించి నిలవాలి. చదివితే ఒక వాక్యం; చేస్తే తొడలు వణుకుతాయి. గుర్రం ఎక్కినట్లు రెండు కాళ్లు ఎడంగా చాచి కూర్చొనే మరొక నిలకడ ఉన్నది. అందులో రెండు నిమిషాలు గడిస్తే గడియారం మీద అపనమ్మకం కలుగుతుంది. పిడిగుద్దు నేర్పేటప్పుడు కూడా చెయ్యి గురించి చెప్పేది తక్కువ. పిడికిలి నడుము పక్కనుంచి బయలుదేరాలి. చివరి క్షణంలో తిరగాలి. రెండవ చేయి అంతే వేగంతో వెనక్కి రావాలి. బలం భుజంనుంచి కాక నడుమునుంచి పుట్టాలి. శ్వాస ఆ క్షణంలోనే వెలువడాలి. ‘ఇచి, ని, సాన్, షి’ అని గురువు పది లెక్కిస్తాడు. మళ్లీ పది. మరల పది. కొత్తగా ఏదైనా చూపించండని అడిగిన వారికి మా గురువుగారి జవాబు ఒక్కటే: పాతదే ఇంకొక పది.

ఈ విసుగు పుట్టించే పునరావృత్తినే ఆధునికులు ఆక్షేపిస్తారు. నాకు మాత్రం ఇది పరాయిగా తోచలేదు. మన ఉర్దూ శాఖవారికి ‘మష్క్’ అన్న మాట వివరించి చెప్పనక్కరలేదు. నస్తాలీఖ్ లిపి నేర్చే ఖత్తాతు శిష్యుడు కలం మొనతో మూడు నుక్తాలు ఒకదానిపై ఒకటి పెట్టి, ఆ ఎత్తుకు సరిపడే అలిఫ్ గీస్తాడు. ఒక అలిఫ్, వంద అలిఫ్‌లు, వేయి అలిఫ్‌లు. అది కుదిరిన పిమ్మటనే ‘బే’. తెలుగు విద్యార్థి సంగతి వేరా? ఓనమాలు దిద్దిన వేలికే తరువాత అక్షరం స్వాధీనమవుతుంది. ఉత్పలమాల రాయదలచినవాడు భ-ర-న-భ-భ-ర-వ గణాలను, పదవ అక్షరపు యతిని మొదట వేళ్లమీద లెక్కించుకొంటాడు. కొన్నేళ్లకు లెక్క మాయమై నడక మిగులుతుంది. కటా అంటే అదే. ఇతోసు పినాన్ పాఠాలకే ఫునకోషి ‘హెయాన్’ అని పేరు మార్చాడు. వాటిలో నేడు మొట్టమొదట నేర్పే హెయాన్ షోదాన్‌లో 21 కదలికలున్నాయి. మొదటిది దెబ్బ కాదు. ఎడమవైపునుంచి వచ్చే దెబ్బను క్రిందికి తప్పించడం. అన్నీ సరిగా చేస్తే బయలుదేరిన చోటికే చేరుకొంటాడు. రెండు అడుగులు తేడా వస్తే ఎక్కడో కొలత తప్పిందన్నమాట. ఫునకోషి తన యౌవనంలో మూడంటే మూడు కటాలపై పదేళ్లు గడిపాడు. మన పిల్లలకు అంత ఓపిక అక్కరలేదు గాని, అందులో పదో వంతు ఉన్నా పరీక్షకు ముందురోజు రాత్రి గైడు కొనుక్కొనే దురవస్థ తప్పేది.

జతగా చేసే సాధనలో ఒక విశేషమున్నది. తొలిదశలో దెబ్బ వేసేవాడు ఎక్కడ వేయబోతున్నాడో ముందే ప్రకటిస్తాడు. ముఖానికి అంటే ముఖానికే. ఎదుటివాడు తప్పించి బదులు చెప్తాడు. రెండు దెబ్బలూ పూర్తి వేగంతో వచ్చి చర్మానికి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోవాలి. ఆగకపోతే తప్పు. తగలకపోతేనే గెలుపు అన్నది కొత్తవారికి వింతగా ఉంటుంది. 2021 ఆగస్టు 7న తోక్యో ఒలింపిక్సులో పురుషుల 75 కిలోలకు పైబడిన విభాగపు తుదిపోరు ఈ వింతను లోకమంతటికీ చూపించింది. సౌదీ అరేబియా యువకుడు తారెగ్ హమేది 4-1 ఆధిక్యంలో ఉన్నాడు. ఇరాను దేశస్థుడు సజ్జాద్ గంజ్‌జాదే తలవైపు ఎత్తిన అతని కాలు బలంగా తాకింది. గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. స్ట్రెచరు మీద తీసుకువెళ్లారు. న్యాయనిర్ణేతలు హమేదిని అనర్హుడిగా ప్రకటించారు. పడిపోయినవాడికి స్వర్ణం, పడగొట్టినవాడికి రజతం. ఇదేమి ఆట అని ఆనాడు చాలామంది ఎద్దేవా చేశారు. ఆ యువకుడి కన్నీరు చూసిన ఎవరికైనా మనస్సు చివుక్కుమంటుంది; నాకూ అలాగే అనిపించింది. అయినా తీర్పు సరియైనదేనని నా నిశ్చితాభిప్రాయం. బలం చూపినవాడు కాక, బలాన్ని ఆపగలిగినవాడే నేర్చినవాడన్నది ఈ విద్య పెట్టుకొన్న నియమం. ఆ నియమం తీసివేస్తే మిగిలేది వీధి కొట్లాటే. దానికి గురువెందుకు, దుస్తులెందుకు? మన పెద్దలు భయపడుతున్న కొట్లాటకు, ఈ తరగతికి నడుమ ఉన్న గీత ఇదే. 2024లో పారిస్ ఒలింపిక్సునుంచి కరాటేను తొలగించారు. అందుకు నేను పెద్దగా విచారించలేదు. పతకాల లెక్కలో పడకపోవడం వలన తరగతి గదికి వచ్చిన నష్టమేమీ లేదు.

వందనం గురించిన సందేహం తేలికగా కొట్టిపారేయదగినది కాదు. మోకాళ్లపై కూర్చోవడం నమాజులో కూర్చొనే తీరును పోలి ఉంటుంది. నేలకు తల వంచడం చూసినవారికి సజ్దా గుర్తుకు రావడం సహజం. ఫత్వా చెప్పే అర్హత నాకు లేదు. జపానీయులు వీధిలో ఒకరికొకరు ఎదురైనా వంగుతారనీ, అది మన సలాము వంటి మర్యాద అనీ నేను అర్థం చేసుకొన్నాను. తోక్యోలో పోటీపడిన ఈజిప్టు, ఇరాను, జోర్డాను క్రీడాకారులు పోటీకి ముందూ వెనుకా ఎదుటివారికి నడుము వంచి మర్యాద చేసినవారే. అయినా మనస్సొప్పని విద్యార్థిని బలవంతపెట్టరాదు. గోడకు ఏ గురువు పటమూ తగిలించకుండా, నిలబడి గుండెపై చేయి ఉంచి వందనం చేసే వెసులుబాటు కల్పిస్తే తరగతికి వచ్చిన లోటేమీ లేదు. దీనిని శిక్షకునితో మొదటిరోజే తేల్చుకోవలె. ఇష్టం లేని పిల్లవాణ్ణి వరుసలో నిలబెట్టి అందరి ఎదుట మందలించే శిక్షకుడు ఎంత నిపుణుడైనా మనకు వద్దు.

ఆడపిల్లల విషయం దీనికంటె ముఖ్యమైనది. ప్రభుత్వ పాఠశాలల్లో సమగ్ర శిక్ష పథకం కింద 6వ తరగతినుంచి 12వ తరగతి వరకు బాలికలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణకు ఏర్పాటున్నది. మన తల్లిదండ్రులు మూడు నెలలని కోరడానికి అదే ప్రేరణ కావచ్చు. మూడు నెలలు వృథా అనను. కాని ఆ కాలంలో 45 కిలోల బాలిక 80 కిలోల పురుషుణ్ణి పడగొట్టగలదని ఆశపెట్టేవారు మోసం చేస్తున్నారు. నిజాయితీపరుడైన గురువు మొదట చెప్పేది విడిపించుకొని పరుగెత్తమని, నలుగురినీ కేకవేసి పిలవమని. ఇక్కడనే పాత పద్ధతిలోని ఒక అంశం మన పిల్లలకు అమితంగా పనికివస్తుంది. దెబ్బ చివర పొట్ట లోతునుంచి వచ్చే ‘కియాయి’ అనే కేక అది. నేను చూసిన తరగతిలో ఆడపిల్లలకు పిడిగుద్దు వారంలో పట్టుబడింది. కేకకు మాత్రం నెలలు పట్టింది. నోరు తెరిచేవారు, నవ్వు వచ్చేది, దుపట్టా నోటికి అడ్డం పెట్టుకొనేవారు. గట్టిగా మాట్లాడవద్దని ఊహ తెలిసినప్పటినుంచీ నేర్పి, ఆపద వచ్చిన రోజున గట్టిగా అరవలేదేమని అడిగితే ఆ పిల్ల ఏమని చెప్పగలదు? ఆ గొంతు రావడానికి మూడు నెలలు చాలవు. పైగా తలకు వస్త్రం అడ్డమవుతుందన్న శంకకు కూడా తావు లేదు. తోక్యోలో ఇరాను యువతులు తల కప్పుకొనే పోటీపడ్డారు. ఆ క్రీడల్లోనే స్వర్ణం గెలిచిన ఫెరియాల్ అబ్దెల్‌అజీజ్, ఒలింపిక్ స్వర్ణం సాధించిన తొలి ఈజిప్టు మహిళగా చరిత్రకెక్కింది.

ఇంతగా సమర్థిస్తున్నానని ఈ విద్యలో లోపాలు లేవనుకోరాదు. కటాలోని కదలిక దేనికోసమో వివరించకుండా ఏళ్ల తరబడి చేయించే శిక్షకులున్నారు. అర్థం చెప్పకుండా శబ్దమంజరి వల్లె వేయించిన పాత పంతుళ్లకు వారు దాయాదులు. గురుభక్తి పేరిట ప్రశ్నించే నోరు మూయించేవారున్నారు. అన్నిటికంటె ఎబ్బెట్టుగా తోచేది మన ఊళ్లలో వార్షికోత్సవాలకు చేసే ప్రదర్శనలు: పేర్చిన పెంకులు పగలగొట్టడం, పొట్ట మీదుగా మోటారు సైకిళ్లు నడిపించుకోవడం. ఈ రెండవది ఏ గ్రంథంలో చదివి కనిపెట్టారో తెలియదు. తారురోడ్డుకు, మనిషి పొట్టకు భేదం ఉండనక్కరలేదని నిరూపించడమే దాని ప్రయోజనం కాబోలు!

బెల్టుల వ్యాపారం మరొక రోగం. ఈ బెల్టుల పద్ధతి అసలు కరాటేది కాదు. జూడో స్థాపకుడైన కానో జిగోరో దగ్గరనుంచి అరువు తెచ్చుకొన్నది. ఫునకోషి తన శిష్యులకు తొలిసారి నల్ల బెల్టు పట్టాలిచ్చినది 1924లో. నల్ల బెల్టులో మొదటి మెట్టును ‘షోదాన్’ అంటారు. ఆ మాటకు ఆరంభపు మెట్టు అని అర్థం. అక్షరాలు వచ్చాయి, ఇక చదువు మొదలుపెట్టవచ్చునని చెప్పడమే తప్ప పండితుడయ్యాడని కాదు. అటువంటిది మూడు నాలుగు నెలలకొక రంగు చొప్పున రుసుము వసూలు చేసి, ఏడాది తిరగకుండానే నల్ల బెల్టు కట్టబెట్టేవారు మన పట్టణాల్లో కొదవ లేదు. స్పోర్ట్స్ కోటా గురించి అడిగిన పెద్దమనిషికి నా సమాధానం: ఆ ఆశతో మాత్రం పిల్లవాణ్ణి చేర్చకండి.

కళాశాల యాజమాన్యానికి నా సూచనలు కొద్దిపాటివి. తరగతి వారానికి రెండు రోజులు, రెండేళ్లపాటు నడవాలి. మొదటి ఆరు నెలలు ఏ బెల్టు పరీక్షా పెట్టరాదు. బాలికలకు వేరుగా మహిళా శిక్షకురాలు ఉండాలి. దొరికే వరకు ఆగవలసివచ్చినా ఫరవాలేదు, ఆగుదాం. అసర్, మగ్రిబ్ నమాజుల నడుమ ఉన్న వ్యవధి బాలురకు సరిపోతుంది. బాలికలకు ఆఖరి పీరియడు వెంటనే పెడితే చీకటి పడకముందే ఇళ్లకు చేరుకొంటారు. పెద్ద హాలులో పరిచినవి షాబాదు బండలు. ఉత్త పాదాలతో వాన రోజుల్లో వాటిమీద జారి పడడం ఖాయం గనుక, పాత గ్రంథాలయపు గదిలోని విరిగిన బల్లలు తీయించి ఆ గదిని ఇప్పించవలసినదిగా ప్రిన్సిపాలుగారికి ఇదివరకే ఒక అర్జీ పెట్టుకొన్నాను.